వదిన కోసం ఒక స్నానాలగది

పెళ్లయి కొత్తింట్లో అడుగుపెట్టిన మొదటి రోజే ఆమెకు పిచ్చుక అన్న పేరు పడిపోయింది. పెట్టింది ఆడపడుచు. "ఈ పిల్లేమిటర్రా, గుమ్మం దాటిన దగ్గర్నుంచీ ఒకటే కిచకిచ! అచ్చం పిచ్చుకే" అని ఆవిడ ఆ పెద్ద గొంతుతో అనేసరికి ఇల్లంతా ఘొల్లుమంది. కొత్తపెళ్లికూతురి మొహం చిన్నబోయింది. అది చూసి ఆవిడే గబగబా దగ్గరికొచ్చి, ఆమె ఈడ్చుకొస్తున్న పెట్టెను ఒంటిచేత్తో లేపి భుజాన వేసుకుని, "ఆపకు తల్లీ. మా తమ్ముడు బొమ్మలు గీస్తూ కూర్చున్నాడంటే పిడుగు పడినా పలకడు. ఈ ఇంటికి కాస్త చప్పుడు కావాలి" అంది. ఆ క్షణాన ఆ వదినామరదళ్లకి కుదిరిన జత మళ్లీ చెడలేదు.

వదిన బళ్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైంది. ఎందరు పిల్లలకి పరుగు నేర్పిందో, ఎందరిని నీళ్లలోకి తోసి ఈత నేర్పిందో ఆవిడకే లెక్క తెలీదు. నవ్విందంటే పక్క వీధికి వినపడేది. ఆవిడ ఉండేది వేరే ఊళ్లో, ఒక్కత్తే. సెలవులొచ్చాయంటే సంచీ భుజాన తగిలించుకుని బస్సెక్కి తమ్ముడింట్లో దిగిపోయేది. దిగిందంటే ఇక కదిలే మాటే లేదు. పిచ్చుక కూతురు పుట్టాక మరీను. పిల్లకి నడక వచ్చీ రాకముందే ఈత నేర్పింది ఈ మేనత్తే.

అలాంటి మనిషి ఈమధ్య మారిపోయింది. రావడం మానలేదు గానీ, పొద్దున వచ్చి సాయంత్రం బస్సుకే వెళ్లిపోయేది. "ఒక్క రాత్రి ఉండండి వదినా" అంటే, "మొక్కలకి నీళ్లు పోసేవాళ్లు లేరే" అనేది. చేతికి టీ ఇస్తే పక్కన పెట్టేది. మంచినీళ్లు గ్లాసుతో ఎలా పెట్టారో అలాగే ఉండేవి. ఎర్రటి ఎండలో బస్సు దిగి వచ్చిన మనిషి గుక్కెడు నీళ్లయినా తాగకపోతే ఏమనుకోవాలి?

"మా అక్కకి మన ఇల్లు ఆనడం లేదు" అనేశాడు పిచ్చుక మొగుడు ఒకరోజు. ఆయన డ్రాయింగు మాస్టారు. ఊరందరికీ మాస్టారే, పెళ్లానికీ మాస్టారే. "ఇంత దూరం ప్రయాణం చేసొచ్చి మంచినీళ్లు ముట్టుకోదేమిటి? మనమేమైనా పరాయివాళ్లమా?"

పిచ్చుకకి అంతకంటే ఎక్కువే బాధగా ఉండేది. తనేమైనా నోరు జారిందా అని పాత మాటలన్నీ నెమరేసుకునేది. అంత వాగుడుకాయకి తను ఏ మాట ఎప్పుడు అందో ఏం గుర్తుంటుంది!

అసలు సంగతి ఒక తువ్వాళ్ల కడ్డీ బయటపెట్టింది.

ఆ రోజు కూడా వదిన వచ్చి, సాయంత్రం కాగానే వెళ్లిపోయింది. ఆవిడ వెళ్లిన కాసేపటికి పిచ్చుక మేడ మీదున్న ఒక్కగానొక్క బాత్రూములోకి వెళ్లి, కమోడు పక్కనున్న కడ్డీ మీద తువ్వాలు వేసింది. వేసీ వేయగానే కడ్డీ తువ్వాలుతో సహా ఊడి కాళ్ల మీద పడింది. తీసి చూస్తే, గోడలో మేకులున్న చోట రెండు పెద్ద గుంతలు. ఆ గుంతల నిండా సబ్బు! ఎవరో సబ్బుబిళ్లను విరిచి, నీళ్లతో మెత్తగా చేసి, గుంతల్లో కూరి, ఊడిన కడ్డీని మళ్లీ అందులో గుచ్చి నిలబెట్టారు. సబ్బు మీద వేళ్ల గుర్తులు కూడా ఉన్నాయి. పెద్ద పెద్ద వేళ్లు.

మొదట పిచ్చుకకి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. కమోడు వైపు చూసింది. అది పాతది, బాగా పొట్టిది. గుమ్మం దగ్గర కిందకి దిగే మెట్టు, ఎప్పుడూ తడిగా ఉండే నున్నటి నేల. వీటన్నిటికంటే ముందు ఇంత నిటారు మెట్లెక్కి పైకి రావాలి. వదిన మోకాళ్లు ఎప్పటినుంచి పాడయ్యాయో! కూర్చున్న మనిషి లేవలేక, పట్టుకోవడానికి ఏమీ లేక, ఆ కడ్డీని పట్టుకుని బలంగా లాగి ఉంటుంది. అది ఊడి చేతిలోకొచ్చి ఉంటుంది. జిల్లా పరుగు పందేలకి పిల్లల్ని తయారుచేసిన మనిషి, ఈ సంగతి బయటికొచ్చి ఎవరికీ చెప్పుకోలేక, దొంగతనం చేసినదానిలా లోపల సబ్బు కూరుకుంటూ నిలబడి ఉంటుంది.

మంచినీళ్లు ఎందుకు ముట్టదో ఇప్పుడు తెలిసింది. తాగితే మళ్లీ పైకెక్కాలి కదా!

పిచ్చుక ఆ గుంతల్లోంచి సబ్బంతా గోకి తీసేసింది. మొగుడు అడిగితే, "తువ్వాలు బరువుకి ఊడింది" అంది. ఆయన "అలాగా" అనేసి బొమ్మలో మునిగిపోయాడు.

పిచ్చుక పనిచేసేది కళ్లజోళ్ల షాపులో. చూపు ఆనని పెద్దమనుషులు రోజూ ఎందరో వస్తారు. పేపరు మూరెడు దూరంలో పట్టుకుని, "నాకు శుభ్రంగా కనపడుతోంది, మా ఆవిడ పోరు పడలేక వచ్చాను" అంటారు. అలాంటివాళ్లతో చూపు తగ్గిందన్న మాట అనకూడదని ఆమెకి తెలుసు. "ఈ ఫ్రేము మీ మొహానికి ఎంత బావుందో చూడండి" అని జోడు తగిలించి, పేపరు చేతిలో పెడితే చాలు. మిగతాది వాళ్లే చూసుకుంటారు. వదిన విషయంలోనూ అలాగే చేయాలనుకుంది.

ఈలోగా పిల్ల ఎగురుకుంటూ ఇంటికొచ్చింది. రాష్ట్రస్థాయి ఈత పోటీలకి ఎంపికైందట. పోటీలు ఈ ఊళ్లోనే, వారం పాటు. మొదటి ఫోను మేనత్తకే చేసింది. అవతల ఆవిడ కేకకి ఫోను చెవికి దూరంగా పెట్టుకోవలసి వచ్చింది.

పిచ్చుక ఫోను లాక్కుంది. "వదినా, వారం ముందే వచ్చేయండి. మీరు లేకుండా దీనికి కాలూ చెయ్యీ ఆడదు."

అవతల వదిన గొంతు తగ్గింది. "వస్తానే. ఎందుకు రాను? ఫైనల్ రోజు పొద్దున్నే వచ్చి, సాయంత్రం వెళ్తాను. మొక్కలు..."

"సరే వదినా, మీ ఇష్టం" అంది పిచ్చుక. అంత తేలిగ్గా ఒప్పేసుకున్నందుకు అవతలి మనిషికే ఆశ్చర్యం వేసి ఉంటుంది.

ఫోను పెట్టేసి తిన్నగా మెట్ల కిందికి వెళ్లింది. అక్కడ ఒకప్పుడు స్నానాలగదిగా వాడి వదిలేసిన చిన్న గది ఉంది. తలుపు తీస్తే మాస్టారి సామ్రాజ్యం: ఎండిపోయిన రంగుడబ్బాలు, కాళ్లు విరిగిన ఈజిల్, పిల్లలు మట్టితో చేసిన చెవుల్లేని గుర్రం, ఎందుకు దాచారో ఎవరికీ తెలీని పాత కిటికీ రెక్కలు.

"మాస్టారూ, మనింటికి చుట్టాలొస్తే ఒక మంచి బాత్రూము లేదు. ఈ గది బాగుచేయిద్దాం" అంది.

"చుట్టాలెవరొస్తున్నారు?"

"చేయిస్తే వాళ్లే వస్తారు."

రంగు వేయడానికి ఒక ఖాళీ గోడ దొరుకుతుందని తెలియగానే మాస్టారికి ఎక్కడలేని హుషారు వచ్చేసింది. సాయంత్రానికల్లా ఆ గోడ మీద వేయబోయే సముద్రం ఎలా ఉండాలో కాగితాల మీద గీసేశాడు. అద్దంలా మెరిసే నీలం టైల్స్, గాజు అరలు, పాతకాలపు గిన్నెలాంటి వాష్‌బేసిను... ఆయన ఊహ గాల్లో తేలిపోతోంది.

"మెరిసే టైల్స్ వద్దు, గరుకువి కావాలి" అంది పిచ్చుక. "కమోడు కుర్చీ అంత ఎత్తుండాలి. దాని పక్కన గోడకి గట్టి కడ్డీ. షవరు దగ్గర ఇంకోటి. స్నానానికి కూర్చోవడానికి బల్ల. గుమ్మం దగ్గర మెట్టు కొట్టించేయాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి."

మాస్టారు పెన్సిలు కింద పెట్టాడు. "ఇది బాత్రూమా, ఆస్పత్రా? చుట్టాలొచ్చి ఆ కడ్డీలు చూసి, ఇక్కడ ఎవరికి ఆపరేషను చేశారని అడుగుతారు."

"అడగరు."

"అడుగుతారు. నేనైతే అడుగుతాను."

మాటా మాటా పెరిగింది. పిచ్చుకకి అసలు కారణం నాలుక చివరిదాకా వచ్చింది. ఆ సబ్బు మీది వేళ్ల గుర్తులు గుర్తొచ్చి మింగేసింది. వదిన దాచుకున్నదాన్ని బయటపెట్టడానికి తనెవరు? బదులుగా వెళ్లి ఆయన చెక్క స్కేళ్లు, రెండు పాత చున్నీలు తెచ్చింది.

"కాళ్లు చాపండి."

"ఎందుకే?"

"చాపండి చెప్తాను."

రెండు మోకాళ్లకీ అటూ ఇటూ స్కేళ్లు పెట్టి, చున్నీలతో బిగించి కట్టింది. "ఇప్పుడు మేడ మీది బాత్రూముకి వెళ్లి, కూర్చుని, లేచి రండి. కిందపడకుండా వస్తే మీ మెరిసే టైల్సే వేయిద్దాం."

మాస్టారు పందెం అంటే వెనక్కి తగ్గే మనిషి కాదు. కొయ్యకాళ్లవాడిలా ఒక్కో మెట్టూ ఎక్కి, లోపలికి వెళ్లి గడియ పెట్టుకున్నాడు. పిచ్చుక, పిల్ల చెవులు తలుపుకి ఆనించి నిలబడ్డారు. కూర్చున్న చప్పుడు దబ్బున వినిపించింది. తర్వాత మూలుగులు. "హమ్మ... ఆఁ... ఇదేమిటీ..." ఏదో పట్టుకోవడానికి తడుముకుంటున్నట్టున్నాడు. దొరికింది షవరు కుళాయి. జోరున నీళ్లు! లోపల్నుంచి కెవ్వుమని కేక.

సరిగ్గా అప్పుడే, కింది గది చూడమని పిలిచిన ప్లంబరు వచ్చాడు. వీధిలో అందరూ ఆయన్ని ఊఁ మేస్త్రీ అంటారు. ఏమడిగినా ఊఁ తప్ప ఇంకో మాట రాదు. అవునన్నా ఊఁ, కాదన్నా ఊఁ, తేడా అంతా రాగంలోనే. పైకి వచ్చి, తలుపు సందులోంచి పారుతున్న నీళ్లు చూసి, "ఊఁ?" అన్నాడు. తలుపు పైనున్న వెంటిలేటరులోంచి చెయ్యి పెట్టి గడియ తీశాడు. లోపల మాస్టారు తల నుంచి కాలి దాకా తడిసి ముద్దయి, కమోడు మీద కాళ్లు బారచాపుకుని, వెల్లకిల పడ్డ తాబేలులా ఉన్నాడు. పిల్ల నవ్వాపుకోలేక మెట్ల మీదే కూలబడింది. మేస్త్రీ ఆయన్ని చంకల్లో చేతులేసి లేపి నిలబెట్టాడు.

మాస్టారు కూడా నవ్వాడు. నవ్వుతూనే గోడకున్న ఆ రెండు గుంతల వైపు చూశాడు. కడ్డీ ఉండాల్సిన చోటు అది. నవ్వు మెల్లగా తగ్గిపోయింది.

"అక్కేనా?" అన్నాడు చిన్నగా.

"నేనేం చెప్పలేదు" అంది పిచ్చుక.

"నువ్వు చెప్పలేదులే." మొహం మీది నీళ్లు తుడుచుకుని మేస్త్రీ వైపు తిరిగాడు. "గరుకు టైల్సే వేద్దాం మేస్త్రీ. కడ్డీలు ఎంత గట్టిగా వీలైతే అంత గట్టిగా బిగించు. ఏనుగు పట్టుకుని లేచినా ఊడకూడదు."

"ఊఁ" అన్నాడు మేస్త్రీ, ఈసారి గంభీరంగా.

ఇక చూడాలి ఆ ఇంటి సందడి! మట్టి గుర్రం హాల్లోకి వచ్చింది, రంగుడబ్బాలు చెత్తబండి ఎక్కాయి. గుమ్మంలో మెట్టు పగలగొట్టి, నేలని హాలుతో సమానంగా తెచ్చారు. ఇల్లంతా సిమెంటు దుమ్ము; టీ తాగితే టీలో దుమ్ము, పుస్తకం తెరిస్తే పేజీల్లో దుమ్ము. పిచ్చుక షాపు నుంచి రాగానే చీపురు పట్టేది, మాస్టారు బడి నుంచి రాగానే కుంచె పట్టేవాడు. కడ్డీలు ఆస్పత్రి వాటిలా తెల్లగా ఉండకూడదని ఊరంతా తిరిగి, తేనెరంగులో ఉన్నవి ఏరుకొచ్చాడు. ఒక్క గోడ మాత్రం ఆయనకి వదిలేసింది పిచ్చుక. దాని మీద చేపలు తప్పవన్నాడు. సరే, చేపలే.

కడ్డీలు బిగించిన రోజు పరీక్ష పెట్టారు. మొదట పిచ్చుక రెండు చేతులతో పట్టుకుని, కాళ్లు పైకి ముడుచుకుని వేలాడింది. "నువ్వు వేలాడితే ఏం తెలుస్తుంది, క్యాలెండరు వేలాడినట్టుంది" అన్నాడు మాస్టారు. ఆయనా పట్టుకున్నాడు. పిల్ల వచ్చి ఆయన నడుము పట్టుకుంది. కడ్డీ ఇసుమంతైనా కదల్లేదు. అందరూ మేస్త్రీ వైపు చూశారు. ఆయన "ఊఁ" అని దీర్ఘం తీశాడు. ఆ రాగంలో వినిపించినంత గర్వం ఇంకెక్కడా వినలేదంటుంది పిచ్చుక ఇప్పటికీ.

చివరి పనులు ఆమే చేసింది. మందపాటి కొత్త తువ్వాళ్లు ముందుగా ఉతికి, ఎండలో ఆరేసి మెత్తబరిచింది. కొత్త తువ్వాలు నీళ్లు పీల్చదు కదా. సబ్బు, దువ్వెన, కొత్త బ్రష్షు, పేస్టు కూర్చుంటే చేతికందే అరలో సర్దింది. అద్దం తన ఎత్తుకి కాకుండా వదిన ఎత్తుకి పెట్టించింది, అందులో పిచ్చుకకి తన నుదురు మాత్రమే కనపడేది. కిటికీలో చిన్న మొక్క పెట్టింది. వదిన వచ్చే రోజు పొద్దున్నే గీజరు వేసి, నేల మళ్లీ ఒకసారి పొడిగుడ్డతో తుడిచి, దాని మీద వట్టి కాళ్లతో అటూ ఇటూ నడిచి చూసుకుంది. వదినకి కోపం వస్తే? నన్ను ముసలిదాన్ని చేశారా అంటే?

ఫైనల్ కంటే ముందు రోజే దిగింది వదిన. ఆత్రం ఆగక, బయల్దేరుతున్నానని రాత్రే ఫోను చేసింది. చేతిలో చిన్న హ్యాండుబ్యాగు తప్ప ఏమీ లేదు. "సాయంత్రం వెళ్లి రేపు మళ్లీ వస్తా" అంది. ఎవరు మాత్రం నమ్ముతారు, అంత దూరం ఒకటికి రెండుసార్లు బస్సెక్కుతానంటే! పిచ్చుక మంచినీళ్లు ఇచ్చింది. గ్లాసు అలాగే బల్ల మీద కూర్చుంది.

"వదినా, మెట్ల కింద గది బాగుచేయించాం. మీ తమ్ముడు గోడ మీద ఏదో గీశారు. బావుందో లేదో మీరే చెప్పాలి. ఇంట్లో నా మాట ఎవరూ వినరు."

వదిన కుర్చీ చేతులు ఊతంగా పట్టుకుని లేచి, నెమ్మదిగా నడిచి లోపలికి వెళ్లింది. తలుపు వేసుకుంది.

హాల్లో ముగ్గురూ చెవులు రిక్కించారు. ఏ చప్పుడూ లేదు. మాస్టారు కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగాడు. నీళ్లు పారిన చప్పుడు వినిపించింది. "చేపలు నచ్చలేదేమో" అని గొణిగాడు. పిచ్చుక కొంగు చివర ముడి వేస్తూ, విప్పుతూ కూర్చుంది.

"పిచ్చుకా! ఇలా రా!"

పాత డ్రిల్లు గొంతు. పిచ్చుక పరుగెత్తింది.

వదిన స్నానం బల్ల మీద కూర్చుని, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని ఉంది. కళ్లు గోడ మీదున్నాయి. గోడ నిండా చిన్న చేపలు బారులు తీరి ఈదుతున్నాయి. వాటి ముందు ఒక పెద్ద చేప, మెడలో ఈల, గుడ్లురిమి చూస్తోంది.

"ఈ లావు చేప నేనేనా?"

"నేను గీయలేదు వదినా, మీ తమ్ముడే" అని పిచ్చుక నేరం వెంటనే మొగుడి మీదకి తోసేసింది.

వదిన నవ్వలేదు. కడ్డీని గట్టిగా ఒకసారి లాగి చూసింది. "పైనున్నది ఊడగొట్టింది నేనే. నీకు తెలుసు కదూ?"

పిచ్చుక తల ఊపింది.

"సబ్బు కూడా చూశావా?"

"చూశాను. కొత్త సబ్బు వదినా అది! ముందు రోజే తెచ్చాను."

వదిన పెదాలు వణికాయి. ఏడుస్తుందేమోనని పిచ్చుక భయపడేలోగా పెద్ద నవ్వు బద్దలైంది. ఆ చిన్న గదిలో ఆ నవ్వుకి చోటు చాల్లేదు, హాల్లోకి, అక్కడ్నుంచి వీధిలోకి వెళ్లిపోయింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "ఎవరితో చెప్పుకోనే? ఊరందరి చేత గుంజీలు తీయించిన దాన్ని, కూర్చుంటే లేవలేకపోతున్నానని ఎలా చెప్పను?"

"నాతో చెప్పచ్చుగా."

"నీతో చెప్తే ఊరంతా తెలుస్తుందనుకున్నాను." మరదలి చేయి పట్టుకుంది. "పొరపాటుపడ్డాను. ఈ ఒక్క విషయంలో పిచ్చుకవి కావు నువ్వు."

బయటికొచ్చి, బల్ల మీది గ్లాసెత్తి గటగటా తాగింది. మళ్లీ నింపమంది. అదీ తాగింది. మాస్టారు ఆ గ్లాసు వైపే చూస్తూ నిలబడిపోయాడు. అక్క వచ్చి నెత్తి మీద ఒక మొట్టికాయ వేసింది. "నాకు ఆ చేపకున్నంత పొట్ట ఎక్కడుందిరా?" అంది.

సాయంత్రం బస్సు తన దారిన తను వెళ్లిపోయింది. వదిన మాత్రం వేడినీళ్ల షవరు కింద కూర్చుంది. కూనిరాగంతో మొదలై, గొంతు విప్పి పాటందుకుంది. గీజరు ఖాళీ అయ్యేదాకా బయటికి రాలేదు. "ఎన్నాళ్లయిందో తెలుసా తీరిగ్గా స్నానం చేసి! ఇంట్లోనూ భయమే, ఎప్పుడు జారతానోనని" అంది. మార్చుకోవడానికి బట్టల్లేవు. పిచ్చుకవి ఆవిడకి మోచేతి దాకా కూడా ఎక్కవు. ఆఖరికి మాస్టారు రంగులు వేసేటప్పుడు తొడుక్కునే పొడుగు కోటు తొడుక్కుని, వీపు నిండా పచ్చా ఎరుపూ మరకలతో, మహారాణిలా సోఫాలో కూర్చుంది.

మర్నాడు ఫైనల్లో పిల్ల నాలుగోదిగా వచ్చింది. మొదటి ముగ్గురికే పతకాలు. అయినా వదిన గ్యాలరీలో లేచి నిలబడి వేసిన కేకలకి, గెలిచిన పిల్ల కూడా అవి తనకే అనుకుని చెయ్యి ఊపింది. నిర్వాహకులు వచ్చి, "కాస్త మెల్లగా అమ్మా" అని బతిమాలారు. "తన పాత రికార్డు తనే కొట్టింది, తెలుసా మీకు?" అని వాళ్లకే పాఠం మొదలుపెట్టింది ఆవిడ. పిల్ల తడిజుట్టుతో పరుగెత్తుకొచ్చి మేనత్తని వాటేసుకుంది. నాలుగో స్థానానికి ఇంత సంబరం ఏమిటా అని చుట్టూ ఉన్నవాళ్లు నోళ్లు వెళ్లబెట్టి చూశారు.

ఆ వారం వెళ్లిపోయింది, ఇంకో వారం వచ్చింది. మొక్కల మాటే లేదు. పక్కింటావిడకి ఫోను చేసి నీళ్లు పోయమందట, అంతకు ముందు ఆ ఆలోచనే రాలేదట! వచ్చిన చిక్కల్లా ఒక్కటే. మేడ మీది బాత్రూము ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. పొద్దున లేస్తే మాస్టారు, పిల్ల, పిచ్చుక తువ్వాళ్లు భుజాన వేసుకుని మెట్ల కింద వరుస కట్టేవాళ్లు. లోపల వదిన రెండో పాట ఎత్తుకునేది. "అక్కా, బడికి టైమవుతోంది!" అని మాస్టారు తలుపు కొడితే, "లైన్లో నిలబడరా!" అని జవాబొచ్చేది.

ఒకరోజు ఊఁ మేస్త్రీ ఏదో కుళాయి పని మీద వచ్చాడు. వదిన ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి, తన ఊళ్లో తన ఇంటి స్నానాలగది ఎంతుంటుందో చేతులు చాపి, లేచి నడిచి మరీ చూపించింది. "అక్కడా ఇలాంటివే బిగించాలి. ఎప్పుడొస్తావు?"

"ఊఁ..." అని ఆలోచనలో పడ్డాడు మేస్త్రీ.

"ఊఁ కాదు, రోజు చెప్పు."

మేస్త్రీ అటూ ఇటూ చూశాడు. "ఆదివారం" అన్నాడు.

వంటింట్లోంచి పిచ్చుక గరిట పట్టుకునే బయటికొచ్చేసింది. "మాట్లాడాడు! మాస్టారూ, మేస్త్రీ మాట్లాడాడు!"

"ఆదివారం మనందరం కలిసే వెళ్దాం" అంది వదిన. "వారం రోజులు నా ఇంట్లో ఉండాలి మీరు. ఒరేయ్ తమ్ముడూ, రంగులు తెచ్చుకో. నా గోడ మీద ఏం వేస్తావో ముందే చెప్తున్నాను, అందులో నేను ఉండకూడదు."

"మరి ఎవరుండాలి?" అన్నాడు మాస్టారు, అప్పుడే పెన్సిలు తీస్తూ.

వదిన మరదలి వైపు చూసి కన్ను గీటింది. పిచ్చుక, "నేనా? వద్దు వదినా, నా ముక్కు బొమ్మల్లో బాగా రాదు, చెప్పండి ఆయనకి, పోయినసారి కూడా..." అని మొదలుపెట్టింది. ఆపే ఉద్దేశం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.